రెండో నీళ్ళు

పోయిన నెల ఇక్కడ నరసరావుపేటలోనే ఉంటున్న మా మేనకోడలు జ్యోతి ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె భర్త నాకు ఒక కప్పు కాఫీ ఇవ్వటానికి పావుగంట తీసుకున్నాడు. ముందు గింజల్ని అరచేతిలో పట్టేంత త్రాసులో తూచాడు. అప్పటికప్పుడు మరపట్టాడు. కాగిన నీళ్ళలో పుల్లలాంటి థర్మామీటరు ముంచి చూశాడు. గాజు జాడీ మీద కాగితం గరాటు పెట్టి, పొడి తడిసేలా కొన్ని నీళ్ళు పోసి ఆగాడు, మళ్ళీ పోశాడు, మళ్ళీ ఆగాడు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కళ్ళార్పకుండా చూస్తున్నాను. అతను కప్పు నా చేతికిస్తూ, "పిన్నిగారూ, ఇది అరకు గింజ. చికోరీ రవ్వంత కూడా లేదు. పల్చగా ఉందనుకోకండి, అసలు కాఫీ రంగే ఇది" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. నేను కప్పు తాగకుండా సాసర్లో పెట్టేశాను. ఎందుకంటే ఆ చివరి మాట నాది. ఇంచుమించు అవే అక్షరాలతో నలభై ఏళ్ళ కిందట మా ఊరి వంటింట్లో జ్యోతి వాళ్ళమ్మతో నేనన్న మాట. ఆ మాట వల్ల ఒక పెద్దమనిషి తల పగిలింది, ఒక ఆడమనిషి ఎముక విరిగింది, మా అన్న కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయింది.

జ్యోతి వాళ్ళమ్మ, మా పద్మ వదిన, ఆ పూట నా ఎదురుగానే కూర్చుని ఉంది. అల్లుడిచ్చిన కాఫీలో రెండు చెంచాల పంచదార కలుపుకుని, గుక్కలుగా తాగేసి, "బాగుంది నాయనా" అంది. నా వంక చూడలేదు. ఆమె ఎడమచెయ్యి మోచేతి దగ్గర పూర్తిగా చాచుకోదు. అల్లుడు దాన్ని కీళ్ళవాతం అనుకుంటున్నాడు. మా నాయన పోయి చాలాకాలమైంది. అన్న పోయి రెండేళ్ళు. ఆ కాఫీ గ్లాసు సంగతి పూర్తిగా తెలిసినవాళ్ళం ఇంక మేమిద్దరమే.

మా ఊరు గురజాల నుంచి మాచర్ల వెళ్ళే దారిలో, రోడ్డు వదిలి కొంచెం లోపలికి ఉంటుంది. ఎనభయ్యో దశకంలో ఆ చుట్టుపక్కల టీ తాగేవాళ్ళే తక్కువ, ఇక కాఫీ సంగతి చెప్పక్కర్లేదు. మా ఇంట్లో మాత్రం బస్తాతో కాఫీ గింజలుండేవి. మా నాయన సుబ్బయ్య లారీ తోలేవాడు. మాచర్ల క్వారీల నుంచి నాపరాళ్ళు వేసుకుని మైసూరు వైపు వెళ్ళి, వచ్చేటప్పుడు ఏ సరుకు తెచ్చినా, దాని కింద అరబస్తా పచ్చి కాఫీ గింజలు మాకోసం పడేసుకొచ్చేవాడు. అవి బూడిదా ఆకుపచ్చా కలిసిన రంగులో, తడిసిన గోనెసంచి వాసనేసేవి. మా అమ్మ పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద మంగలం పెట్టి, మూరెడు తుమ్మకర్రతో తిప్పుతూ వేయించేది. గింజలు చిటచిటమనేవి, పొట్టు ఎగిరేది, పొగ కళాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటుతో కలిసి వీధి చివరిదాకా పోయేది. "కాఫీవాళ్ళింట్లో మంగలం పెట్టారు" అనుకునేవాళ్ళు. గుంజకు బిగించిన చేతిమరలో ఆ గింజలు ఆడేటప్పుడు వచ్చే వాసన నాకు బాల్యమంటే ముందుగా గుర్తొచ్చే వాసన. రెండోది నెత్తురు వాసన. అవి రెండూ మా ఇంట్లో ఒకే గదిలో ఉండేవి.

మా నాయనకు కాఫీ నల్లగా, చిక్కగా ఉండాలి. రెండు పాళ్ళు కాఫీపొడికి ఒక పాలు చికోరీ కలిపి ఇత్తడి ఫిల్టర్లో అదిమి, మరుగుతున్న నీళ్ళు పోసి, తారులాగా చుక్కచుక్కగా దిగిన డికాషన్‌తో కలపాలి. ఆయన గ్లాసు అందుకుని తాగేముందు కొంచెం వంచి చూసేవాడు. లోపలి అంచుకు ఎర్రటి పొర అంటుకుంటే తాగేవాడు. అంటుకోకపోతే మాట్లాడేవాడు కాదు, విసిరేవాడు. ఆ ఇత్తడి గ్లాసు ఒకసారి అమ్మ కనుబొమ మీద తగిలి ఎముక కనపడింది. అమ్మ చన్నీళ్ళతో కడుక్కుని, కొంగు ఒత్తిపెట్టుకుని, రెండోచేత్తో ఇంకో గ్లాసు కలిపిచ్చింది. ఆయన అది తాగి, ఆమెను తనే లారీ ఎక్కించుకుని గురజాల తీసుకెళ్ళి, "తలుపు తగిలింది డాక్టరుగారూ" అని తనే చెప్పి కుట్లు వేయించాడు. అమ్మ ఒక్కనాడూ ఎదురు చెప్పిన మనిషి కాదు. నాకు పన్నెండేళ్ళప్పుడు విషజ్వరంతో పోయింది. ఊరంతా "ఎంత మంచిదో" అని ఏడ్చింది.

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ కథ బయటివాళ్ళకు అర్థం కాదు. ఫిల్టర్లో మొదటిసారి నీళ్ళు పోస్తే దిగేది మొదటి డికాషన్. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగేది రెండోది, పల్చగా, పుల్లగా ఉంటుంది. మా ఇంట్లో మొదటిది ఇంటివాళ్ళకూ, నాయన గౌరవించే మనుషులకూ. రెండోది లారీ ఎత్తుడు కూలీలకూ, పని మీద వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళకూ. గ్లాసు వంచి చూసుకునే అలవాటు అందుకే ఊళ్ళో అందరికీ అబ్బింది. కాఫీ తాగనివాళ్ళ నోట్లో కూడా ఆ మాట నలిగింది. పెళ్ళిలో వెనక బంతిలో కూర్చోబెడితే "నాకేంది, రెండో నీళ్ళా?" అనేవాళ్ళు. పొలం గట్టు తగాదాలో ఒకడు ఇంకొకణ్ణి "రెండో నీళ్ళ నాకొడకా" అంటే కర్రలు లేచేవి. ఒక ఇంటి వంటగదిలో పుట్టిన అవమానం ఊరి తిట్టయి కూర్చుంది.

నేను పదో తరగతి తప్పాక చదువు మానిపించారు. గురజాల శాఖా గ్రంథాలయం మాత్రం నన్ను మాన్పించలేదు. వారానికొకసారి కూరగాయల నెపం మీద బస్సెక్కి వెళ్ళి, సంచి అడుగున రెండు పుస్తకాలు పెట్టుకుని వచ్చేదాన్ని. ఏది దొరికితే అది చదివాను. నక్షత్రాల మీద చదివాను, తేనెటీగల మీద చదివాను, పాత పంచాంగాల మీద కూడా చదివాను. ఊళ్ళో ఎవరికీ తెలియనిది నాకు తెలుసన్న గర్వం నాకుండేది, ఇప్పటికీ కొంత ఉంది. అలా ఒకరోజు అట్ట ఊడిపోయిన తోటపంటల పుస్తకం దొరికింది. అందులో కాఫీ మీద ఒక అధ్యాయం. ఎవరో ఫకీరు ఏడు గింజలు నడుముకు కట్టుకుని సముద్రం దాటించి తెచ్చాడట. చికోరీ కాఫీయే కాదట, ముల్లంగిలాంటి ఒక మొక్క వేరట, ఎండబెట్టి మాడ్చి కాఫీలో కలుపుతారట. గింజను నూనె కారేదాకా మాడిస్తే దాని గుణం చచ్చిపోతుందట. నీళ్ళు మరిగాక రెండు నిమిషాలు దించి ఉంచాలట. నేను ఆ అధ్యాయం మొత్తం నోట్‌బుక్‌లో ఎత్తి రాసుకున్నాను.

అప్పటికి పద్మ వదిన కాపురానికి వచ్చి రెండేళ్ళు. నాకన్నా మూడేళ్ళే పెద్ద. అమ్మ స్థానంలో ఫిల్టరు ఆమె చేతికి వచ్చింది, గ్లాసు దెబ్బలు కూడా ఆమెకే వచ్చాయి. నాయన విసిరేవాడు, అన్న చెంపమీద కొట్టేవాడు. ఇద్దరూ ఇంట్లో లేని మధ్యాహ్నాల్లో మేమిద్దరం వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని పుస్తకం చెప్పిన కాఫీ చేసుకునేవాళ్ళం. గుప్పెడు గింజలు ఇటుకరంగు దాటకుండా వేయించి, చల్లారనిచ్చి, అప్పుడే మరపట్టి, చికోరీ లేకుండా, పాలు లేకుండా. మొదటిసారి తాగి వదిన మొహం చిట్లించి, "ఏందే ఇది, చింతపండు పులుసు తాగినట్టుంది!" అంది. నాలుగోసారికి తనే అడిగింది. "ఏమే పంతులమ్మా, ఇయ్యాల మీ ఫకీరు కాఫీ లేదా?" అని. అందులో నేరేడుపండు వగరు ఒకటి నాలిక చివర తగిలేది. తాగాక చాలాసేపు నోట్లో తీపి నిలిచేది. మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ కొట్టని గంట అదొక్కటే.

ఇంతలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఓట్లు వేసే బడి దగ్గర మా అన్న అవతలి పార్టీ పెద్ద అంజయ్య కొడుకును కర్రతో దవడ మీద కొట్టాడు. దవడ రెండు ముక్కలైంది, పళ్ళు ఆరు రాలాయి. నాలుగు నెలలు ఆ కుర్రాడు తీగలు కట్టిన నోటితో గంజి పీల్చుకుని బతికాడు. దానికి బదులుగా వాళ్ళు మా అన్నను పట్టుకోలేక, అక్కను చూడటానికి వచ్చిన వదిన తమ్ముణ్ణి బస్సు దిగుతుండగా పట్టుకుని, గడ్డపారతో మోకాలు చితక్కొట్టారు. అతనికి మా ఊరి తగాదాతో ఏ సంబంధమూ లేదు. మా గడ్డివాము మీద బాంబు పడింది. వాళ్ళ ఎడ్ల కాళ్ళు ఎవరో నరికారు. అన్న కృష్ణానది దాటి వాడపల్లి వైపు తెలంగాణలో ఒక చుట్టం ఇంట్లో తలదాచుకున్నాడు. ఇక్కడ వదినకు నెలలు నిండుతున్నాయి.

రాజీ మాట తెచ్చింది ఖాజా మామ. మాచర్ల నుంచి వచ్చి ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు, అందరికీ మామే. రెండు పార్టీల ఇంజన్లూ ఆయన చేతి కింద నడిచేవి కాబట్టి రెండిళ్ళలోకీ భయం లేకుండా వెళ్ళగలిగిన మనిషి ఆయనొక్కడే. "మీరిద్దరూ నరుక్కు చస్తే నా బేరం పోయిద్ది, అందుకని వచ్చా, మీ మీద ప్రేమ కాదు" అని నవ్వేవాడు. మా ఊళ్ళో రాజీకి కాగితం ఉండదు. దెబ్బ తిన్నవాడో, వాళ్ళ ఇంటిపెద్దో దెబ్బ కొట్టినవాడి ఇంటికి రావాలి. కొట్టినవాడి భార్య తన చేత్తో తాగటానికి ఇవ్వాలి. అది తాగి గ్లాసు నిలువుగా కింద పెడితే ఇక ఆ తగాదా చచ్చినట్టే. గ్లాసు బోర్లిస్తే, అంతే. అంజయ్య మా ఇంటికి వచ్చి కాఫీ తాగటానికి ఒప్పుకున్నాడు. ఆయన గ్లాసు కింద పెట్టిన పూటే అన్న పడవెక్కవచ్చు. బిడ్డ పుట్టేసరికి ఇంట్లో ఉండవచ్చు. మా ఇల్లు మొత్తం ఆ ఒక్క గ్లాసు మీద నిలబడి ఉంది.

నేనేం చేశానో దాచకుండా చెబుతాను. ఆ ఉదయం వదిన అరిసెలు, చేగోడీలు సర్దుతుంటే గింజలు వేయించటం, మరపట్టటం నేను తీసుకున్నాను. ఇంత పెద్ద మనిషి, ఇంత పెద్ద పని మీద వస్తున్నాడు. ఆయనకు కల్తీ పోయటమా? చికోరీ డబ్బా మూత తియ్యలేదు. గింజల్ని మాడనివ్వలేదు. పుస్తకంలో ఎలా ఉందో అలా, నీళ్ళు రెండు నిమిషాలు దించి ఉంచి పోశాను. డికాషన్ దిగాక వదిన వచ్చి, పాలు కలిపి చూసి ఆగిపోయింది.

"ఏమే సుగుణా, ఇదేంది ఇట్టా పల్చగా ఉంది? చికోరీ వేశావా?"

"వెయ్యలా వదినా. అది కాఫీ కాదు, వేరు. పల్చగా ఉందనుకోబాక, అసలు కాఫీ రంగే ఇది. పుస్తకంలో ఉంది."

"పుస్తకం చదివింది నువ్వు. తాగేది ఆళ్ళు" అంది వదిన. మళ్ళీ పొడి కలిపి డికాషన్ దించాలంటే అరగంట పడుతుంది. వాకిట్లో అప్పటికే చెప్పుల చప్పుడు, ఖాజా మామ గొంతు. వదిన ఒక్క క్షణం ఫిల్టరు వంక, ఒక్క క్షణం నా వంక చూసి, పళ్ళెం ఎత్తుకుంది.

అంజయ్య నులకమంచం మీద కూర్చున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, ఎండుకట్టెలా నిటారుగా. వెనక ఆయన మేనల్లుడు నాగేశు, చంకలో కర్రతో. మధ్యలో ముక్కాలిపీట మీద ఖాజా మామ. మా నాయన స్తంభం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన అలా నిలబడటం నేను అదే మొదటిసారి చూడటం. వాతావరణం తేలిక చెయ్యటానికి ఖాజా మామ, "అంజయ్యన్నా, ఈ పిల్ల చెప్పింది, కాఫీ గింజలు ఈ దేశానికి తెచ్చింది మా ఫకీరేనంట. అంటే ఇయ్యాల మీరు తాగేది కూడా మా సాయిబుల ఖాతాలోదే" అన్నాడు. అంజయ్య మీసాల కింద నవ్వాడు. వదిన పళ్ళెం వంచి గ్లాసు అందించింది.

"ఎన్నో నెలమ్మా?"

"ఎనిమిది దాటింది మామా."

"మంచిది. బిడ్డ పుట్టేటప్పటికి తండ్రి ఇంట్లో ఉండాల" అన్నాడు. ఆ మాటతో నాయన భుజాలు కిందికి దిగటం నేను తలుపు సందులోంచి చూశాను. అంజయ్య గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్ళి, అలవాటు ప్రకారం కొంచెం వంచాడు. లేతరంగు కాఫీ జారి కిందికి దిగింది. అంచు మీద ఏమీ మిగల్లేదు.

"ఇది ఎన్నో నీళ్ళమ్మా?"

"మొదటియే మామా."

ఒక గుటక తాగాడు. పులుపు తగిలి పెదవులు బిగుసుకున్నాయి. గ్లాసు నాయన వైపు చాచాడు. "సుబ్బయ్యా, నీ ఇంట్లో నేను తాగని కాఫీ కాదు. నువ్వే చూసి చెప్పు."

నాయన గ్లాసు అందుకుని వంచాడు, వాసన చూశాడు. ఆయన మొహంలో రంగు పోయింది. ఆ గ్లాసులో ఉన్నది రెండో నీళ్ళేనని ఆయన కూడా నమ్మాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వదిన వైపు తిరిగి, "ఏమే, ఎవురు పొయ్యమన్నారే నిన్ను?" అని అరిచాడు. ఆ అరుపుతో ఇక సందేహించటానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

"నా కొడుకు నాలుగు నెలలు గంజి తాగాడు" అన్నాడు అంజయ్య, గొంతు పెంచకుండా. "నేను నా అంతట నీ గడప తొక్కి చెయ్యి చాస్తే నాకు రెండో నీళ్ళా?"

"తమ్ముడి మోకాలికి బదులు తీర్చుకుందిలే మామా" అన్నాడు నాగేశు. "ఆడదాని చేత కొట్టించారు మనల్ని."

"ఆగండయ్యా, ఇంకో గ్లాసు..." అని ఖాజా మామ లేస్తున్నాడు. అంజయ్య గ్లాసు తీసుకుని నాపరాయి మీద బోర్లించాడు. కాఫీ పల్చగా పారింది. నాగేశు పళ్ళేన్ని తన్నాడు. నాయన మూలనున్న గడ్డపార అందుకున్నాడు. నాగేశు కర్ర ఎత్తింది నాయన మీదికి, దిగింది మధ్యకు వచ్చిన ఖాజా మామ తల మీద. టెంకాయ కొట్టిన చప్పుడు. ఆయన తెల్లటోపీ ఒక పక్కనుంచి ఎర్రబడుతూ వచ్చింది. నెమ్మదిగా నేలమీద కూర్చుని, "నీళ్ళు, నీళ్ళు" అన్నాడు. ఆయన రక్తం చూసి వాళ్ళు వెనక్కి తగ్గారు. ఆయన మీద ఎవరికీ పగ లేదు. వాకిట్లోంచి నాగేశు, "మీవోడు ఏ రేవులో దిగుతాడో మేమూ చూస్తాం" అని అరిచి పోయాడు.

ఖాజా మామను ఎవరో ఎడ్లబండిలో తీసుకెళ్ళారు. నాయన వీధి తలుపు గడియ పెట్టి వెనక్కి వచ్చాడు. గింజలు తిప్పే తుమ్మకర్ర పొయ్యి దగ్గరే ఉంది. వదినను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ఆ కర్రతో వీపు మీద, భుజాల మీద, ఎక్కడపడితే అక్కడ. ఆమె కడుపు మీదికి ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుంది. అందుకే ఆ చెయ్యి విరిగింది. ఎముక చప్పుడు నేను విన్నాను. "మొదటిదే మామా, మొదటిదే" అంటోంది, అంతే. ఆ కొట్టుడు మధ్యలో రెండుసార్లు నా వంక చూసింది. నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. "నాయనా, చికోరీ నేనే వెయ్యలా." నాలుగే మాటలు. అన్ని పుస్తకాలు చదివినదాన్ని, నోట్లోంచి ఒక్కటి రాలేదు. చంపుతాడన్న భయం ఉంది, కాదనను. కానీ దానికన్నా ఎక్కువ ఇంకొకటి ఉంది. చదువుకున్న పిల్ల, తెలివైన పిల్ల, పుస్తకం చూసి కొంప ముంచిందంటారన్న సిగ్గు. ఒక మనిషి ఎముక విరుగుతుంటే నేను కాపాడుకున్నది నా తెలివిని. చివరికి కర్ర రెండుగా విరిగితే నాయన ఆ ముక్క పారేసి బయటికి వెళ్ళిపోయాడు.

భార్యను కొట్టారన్న కబురు కృష్ణ అవతలికి చేరింది. అన్న ఎవరు వద్దన్నా వినకుండా మూడోరోజు పొద్దున పడవెక్కాడు. రేవులో ముగ్గురు కాచుకుని ఉన్నారు. ఒకడు వెనకనుంచి పట్టుకున్నాడు, ఒకడు చెయ్యి చాపించి పడవ అంచు మీద పెట్టాడు, ఒకడు కొడవలితో వేశాడు. కర్ర పట్టిన చెయ్యి. అది నీళ్ళలో పడింది. అన్న మొండిచేతికి తలగుడ్డ చుట్టుకుని గట్టెక్కి, రోడ్డు దాకా నడిచాడు. తలకు కట్టుతోనే ఖాజా మామ జీపు తెచ్చి ఆస్పత్రికి చేర్చాడు. ఆ సాయంత్రమే అంజయ్య మనిషిని పంపాడు. దవడకు చెయ్యి సరిపోయింది, మా వైపు నుంచి ఇంక ఏమీ లేదు అని. మా ఊళ్ళో శాంతి అలా వచ్చింది.

మంచం మీద పడుకుని అన్న వదినతో ఒక్కమాటే అన్నాడు. "నీ తమ్ముడి కాలుకి నా చెయ్యి. ఇప్పుడు చల్లబడ్డావా?" ఆమె ఔననలేదు, కాదనలేదు. తొమ్మిదో రోజున జ్యోతి పుట్టింది. ఆ తర్వాత మా ఇంటి తీరు మారిపోయింది. వదిన ఇచ్చిన గ్లాసును నాయన తనకు తానుగా ముట్టేవాడు కాదు, ముందు ఆమె చేత ఒక గుటక తాగించేవాడు. అన్న ఆమెతో గొంతు తగ్గించి మాట్లాడేవాడు. చెరువు కాడ ఆడవాళ్ళు, "పద్మతో పెట్టుకోబాకండే, గ్లాసుడు కాఫీతో మొగుడి చెయ్యి తీయించిన మడిసి" అని గుసగుసలాడేవాళ్ళు. నాకు పెళ్ళయి నరసరావుపేట వచ్చేశాను. కాఫీ మానేసి టీకి మారాను. ప్రతి వేసవికీ ఆ ఇంటికి వెళ్ళి, అందరూ ఆమెకు దూరం దూరంగా మసలటం చూసి, ఇది నేను వేసిన యావజ్జీవ శిక్ష అనుకుంటూ తిరిగి వచ్చేదాన్ని. పుస్తకాల్లో పశ్చాత్తాపం గురించి ఎక్కడ దొరికితే అక్కడ చదివాను. చెప్పటం మాత్రం వచ్చే ఏటికి, వచ్చే ఏటికి వాయిదా వేశాను.

ఇప్పుడు రోజులు మారాయంటారు. కొంత నిజం. పల్చటి పుల్లటి కాఫీని ఏరికోరి తెప్పించుకుని గౌరవంగా పోసే ఇంట్లో నేను కూర్చున్నాను. ఒక గ్లాసు కోసం చేతులు నరికే మనుషులు మా ఊళ్ళో ఇప్పుడు లేరు. వాళ్ళ మనవలు మాచర్లలో పక్కపక్క షాపులు పెట్టుకున్నారు. ఆడవాళ్ళ మీద లేచే చేతులు తగ్గాయా అంటే, మా వీధిలోనే రెండిళ్ళ పేర్లు చెప్పగలను. కానీ ఆ రోజు అల్లుడి త్రాసూ థర్మామీటరూ కన్నా నన్ను ఆశ్చర్యపరిచింది వేరే ఉంది. జ్యోతి ఒక గుక్క తాగి, "ఛీ, కషాయం లాగా ఉంది, నాకొద్దు" అని కప్పు నెట్టేసింది. అతను నవ్వి, "సరే, నీకు పాలు పోసి కలుపుతా" అని లేచాడు. అంతే. ఆ "అంతే" తర్వాత ఇంకేదో జరుగుతుందని నేను ఎదురుచూస్తూ ఉండిపోయాను. ఏమీ జరగలేదు.

ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ బయటికి వెళ్ళాక వదిన వరండాలో కందికాయలు వలుస్తుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. "వదినా, ఆ రోజు నేను నోరు తెరవలేదు. ఇప్పుడు చిన్నప్పటి సంగతులు రాస్తన్నా. అందులో ఉన్నదున్నట్టు రాస్తా. జ్యోతికీ చెప్తా. నీ మీద పడ్డ మచ్చ పోవాల."

ఆమె వలవటం ఆపలేదు. "ఏ మచ్చే?"

"అదే, నువ్వు కావాలని రెండో నీళ్ళు పోశావని..."

"ఆ రోజు తర్వాత మీ నాయన నా మీద చెయ్యెత్తాడా?"

"లేదు."

"మీ అన్న? ఎడంచెయ్యి బాగానే ఉండె గదా, కొట్టాలంటే అది చాలు. ఎత్తాడా?"

"లేదు వదినా."

"ఎందుకెత్తలా? నేను మంచిదాన్ననా? మీ అమ్మ చానా మంచిది. ఎముక కనపడేదాకా కొట్టాడు." దోసిట్లో గింజలు చేటలో పోసింది. "నేను గ్లాసిస్తే వణికిన ఇల్లే అది. ఈ పిల్లని కాలేజీకి పంపుతానంటే ఒక్కడు నోరెత్తలా. పెళ్ళి నేను చూసిన పిల్లాడికే చేశా. అదంతా ఎట్టా అయ్యిందనుకున్నావు? నువ్విప్పుడొచ్చి, పాపం ఆమెకేం తెలవదు, చికోరీ తక్కువైంది అంతే అని రాస్తావా?"

"మరి ఆ రోజు నా పేరెందుకు చెప్పలా?" అని అడిగాను. నలభై ఏళ్ళుగా ఆ ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు ఉంది. నన్ను కాపాడటానికి ఆమె దెబ్బలు కాసిందని.

"చెప్దామనే గదా రెండుసార్లు నీ వంక చూశా. ఇంకో దెబ్బ పడుంటే చెప్పేదాన్ని. ఈలోగా కర్ర ఇరిగింది" అంది. "మీ అన్నకి చెయ్యి పోయాక ఒకరోజు మీ నాయనకి గ్లాసు ఇస్తే, మనిషి వెనక్కి జరిగాడే. నన్ను చూసి. అప్పుడనుకున్నా, ఇంక ఈ సంగతి ఎవురికీ చెప్పగూడదని."

కాసేపు ఇద్దరం కందికాయలు వలిచాం. లేచేముందు ఆమె చేట నా చేతికిచ్చి, "రాసుకో. రాయకుండా ఉండలేవు నువ్వు. నేనే పోశానని రాయి. తెలిసే పోశానని రాయి" అంది. సరేనన్నాను. మాటిచ్చాను కూడా.

ఇంటికి వచ్చి కాగితాలు ముందు పెట్టుకున్నాను. ఆమె చెప్పినట్టు రాయటానికి రెండుసార్లు ప్రయత్నించాను, చేతకాలేదు. మాట్లాడాల్సిన రోజు మాట్లాడలేదు, ఊరుకోమన్న రోజు ఊరుకోలేకపోయాను. రెండుసార్లూ నష్టం ఆమెకే.